అవసరమూ, గిరాకీ

"జనం ఏది అడుగుతున్నారో అదే మేము అమ్ముతున్నాము" అని టెలిఫోను కంపెనీలు చెబుతూ ఉంటవి. ఇంట్లో ఉండే ఫోనూ, ఇంటర్నెట్టూ, చేతిలో ఉండే మొబైలూ, కొన్నిచోట్ల టి.వి. కూడా కలిపి ఒకే పథకంగా, ఒకే బిల్లుగా అమ్మటం ఈ మధ్య పెరిగిన పద్ధతి. జియో 2019 సెప్టెంబరులో ఇళ్లకు ఫైబరు కనెక్షన్లు ఇవ్వటం మొదలుపెట్టినప్పుడు ఇంటి ఫోనును కూడా దానితోనే జతచేసింది. ఎయిర్‌టెల్ 2021లో 'బ్లాక్' అనే పేరుతో ఇంటి కనెక్షనునూ, టి.వి.నీ, మొబైలునూ ఒకే బిల్లు కిందికి తెచ్చింది. ఇవన్నీ వినియోగదారుల కోరిక మీదనే వచ్చినవని ప్రకటనలు చెబుతున్నవి. ఆర్థిక శాస్త్రం చదువుకున్నవారు ఇదే మాటను కొంచెం గంభీరంగా, "గిరాకి ఉన్నది కనుక సరఫరా వచ్చింది" అంటారు.

ఈ మాట పైకి కనిపించేటంత అమాయకమైనది కాదు. దీనిలో ఒక నైతిక సిద్ధాంతం దాగి ఉన్నది. మనిషి ఏది కొన్నాడో అదే అతనికి కావలసినదనీ, ఆ కోరిక అతని సొంతమనీ, తన ఇష్టప్రకారం కొన్నాడు కనుక ఇందులో అన్యాయానికి చోటు లేదనీ ఆ సిద్ధాంతం. ఈ మూడు మెట్లలో ఏ ఒక్కటీ గట్టిది కాదని చూపించటం ఈ వ్యాసం ఉద్దేశం. మరొక ఉద్దేశం కూడా ఉన్నది. ఈ సిద్ధాంతాన్ని ఖండించే తొందరలో మనవాళ్లు, అంటే అభ్యుదయవాదులమని చెప్పుకునే వాళ్లం, చేసే పొరపాటు కూడా తక్కువది కాదు. దానిని కూడా పరిశీలించాలి.

ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కరలేదు. నిజామాబాదు జిల్లాలోని మోర్తాడును తీసుకుందాం.

మోర్తాడు ఒక మండల కేంద్రం. పసుపూ, ఎర్రజొన్నా పండే నేల. పెద్దపల్లి - నిజామాబాదు రైలుమార్గం 2017లో పూర్తి అయిన తరువాత ఈ ఊరికి రైలు కూడా వచ్చింది. కాని ఇక్కడి జనం ఊరు విడిచి పోవటానికి రైలు కోసం ఆగలేదు. 1970ల నుంచీ ఈ ప్రాంతం వాళ్లు దుబాయికీ, మస్కటుకూ, సౌదీకీ కూలికి పోతున్నారు. మగవాడు గల్ఫులో, ఆడది ఇంటి అరుగు మీద బీడీల చాటతో - ఇది ఇక్కడ ఎన్నో కుటుంబాల రూపం. జిల్లాకు అవతలి కొసన, బోధనులో, 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ తరాల తరబడి రైతుకూ కార్మికునికీ బతుకు చూపించింది. అది 2015 డిసెంబరులో మూతపడింది. పనీ, మనిషీ ఒకచోట ఉండే అవకాశాలు ఈ జిల్లాలో పెరగలేదు, తరిగినవి. ఇక్కడ టెలిఫోను విలాసం కాలేకపోవటానికి మొదటి కారణం ఇదే.

మోర్తాడులో ఒక ఇల్లు ఊహించుకుందాం. పెనిమిటి షార్జాలో ఉన్నాడు. భార్య బీడీలు చుడుతుంది. ముసలి అత్త ఇంట్లో ఉంటుంది. కొడుకు హైదరాబాదులో హాస్టలులో చదువుతున్నాడు, బిడ్డ ఊళ్లో బడికి పోతున్నది. ఇటువంటి ఇల్లు తెలియని ఉపాధ్యాయుడు ఈ జిల్లాలో ఉండడు. ఈ ఇంటికి టెలిఫోను ఎట్లా వచ్చిందో చూస్తే గిరాకి అనేది ఎట్లా తయారవుతుందో కొంత తెలుస్తుంది.

మొదట్లో ఉత్తరాలు. కొన్ని ఇళ్లలో మాటలు నింపి పంపిన టేపు క్యాసెట్లు. ఆ తరువాత ఎస్.టి.డి., ఐ.ఎస్.డి. బూతులు వచ్చినవి. ఆ కాలంలోనే 'పి.పి. నంబరు' అనే ఏర్పాటు ఒకటి ఉండేది. ఫోను పక్కింటివారిది, నంబరు పక్కన పి.పి. అని రాసుకుంటే అది మనది కూడా అయ్యేది. ఫోను ఒకరి సొత్తే అయినా దాని వాడకం వాడకట్టు మొత్తానిది. ఇప్పుడు ఈ సంగతి తలుచుకొని ఆనాటి ఐకమత్యాన్ని గురించి నిట్టూర్చేవాళ్లు మనలో ఉన్నారు. వారు సగమే చూస్తున్నారు. ఫోనున్న ఇల్లు ఊళ్లో ఎవరిదైతే ఆ ఇంటి గడప లోపలికి ఎవరు రావచ్చునో, వాకిట్లో ఎవరు నిలబడాలో కులం నిర్ణయించేది. నెలకొకసారి వచ్చే పిలుపులో భర్తతో మాట్లాడవలసిన స్త్రీ నలుగురి ఎదుట "బాగున్నం, పైసలు అందినయి" అని చెప్పి ఊరుకునేది. ఆమె చెప్పదలచుకున్నది చాలావరకు ఆమె దగ్గరనే మిగిలిపోయేది. ఫోను ఆమె చేతికి రావటం ఒక విముక్తి. అమ్మినవాడు లాభం కోసమే అమ్మాడన్న కారణం చేత అది విముక్తి కాకపోదు.

దేశంలో మొదటి మొబైలు సంభాషణ 1995 జూలై 31న కలకత్తాలో పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు చేసినది. అప్పట్లో వచ్చిన పిలుపుకు కూడా డబ్బు కట్టవలసి ఉండేది. 2003లో ఆ పద్ధతి పోయి, పిలిచినవాడే కట్టే పద్ధతి వచ్చింది. 2005 చివర 999 రూపాయలు ఒక్కసారి కడితే 'జీవితకాలం' పిలుపులు అందుకోవచ్చునన్నారు. బీదవాని ఇంటికి మొబైలు చేరింది ఈ ద్వారంలోనుంచే. అతనికి కావలసింది తాను మాట్లాడటం కాదు, తనవాళ్లకు అందుబాటులో ఉండటం. గల్ఫు నుంచి ఆయన చేస్తాడు, ఇక్కడ ఈమె ఎత్తుతుంది. డబ్బు లేకపోయినా బంధం ఉంటుంది.

2018 చివర ఈ ద్వారం మూయటం మొదలైంది. 28 రోజులకు కనీసం 35 రూపాయల రీచార్జి ఉంటేగాని పిలుపు అందదనే షరతు వచ్చింది. 'జీవితకాలం' అనే మాటకు ఆయుష్షు పదమూడేళ్లు! ఆ కనీసపు మొత్తం పెరుగుతూ పెరుగుతూ 2024 జూలై నాటికి ఒక పెద్ద కంపెనీలో 199 రూపాయలు అయింది. కంపెనీల పంచాంగంలో నెలకు 28 రోజులు, ఏడాదికి 13 నెలలు. 35 రూపాయల లెక్కన ఏడాదికి 455 రూపాయలు. 199 లెక్కన 2,587. కొత్త పథకంలో ఎంతసేపైనా మాట్లాడవచ్చు, కొంత డేటా కూడా వస్తుంది. నిజమే. కాని కొడుకు పిలుపు అందుకుంటే చాలు, తాను ఎవరికీ చెయ్యనక్కరలేదు అనుకునే ముసలి అత్తకు కూడా ఆ మాటలూ, ఆ డేటా కలిపే అమ్మేవారు. విడిగా ఇచ్చేవారు కాదు. "రీచార్జి అయిపోయింది, ఆయన చేస్తే కలుస్తలేదు" అనే మాట ఇప్పుడు ఈ ప్రాంతంలో "ఉప్పు నిండుకున్నది" అన్నంత మామూలుగా వినిపిస్తుంది.

ఇక పైన చెప్పిన సిద్ధాంతంలోని మొదటి మెట్టుకు వద్దాం. కొన్నవాడు కోరినట్టేనా?

ఈ ప్రశ్నకు జవాబు బూర్జువా ఆర్థిక శాస్త్రంలోనే ఉన్నది. అమెరికాలో సినిమా కంపెనీలు మంచి చిత్రం కావాలంటే నాసిరకం చిత్రాలు కూడా కట్టగా కొనాలని థియేటర్లవారిని నిర్బంధించేవి. ఆ దేశపు సుప్రీంకోర్టు 1948లో ఆ పద్ధతిని తప్పుపట్టింది. అమ్మేవాడు ఎందుకు కట్ట కడతాడో జార్జి స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త 1963లో వివరించాడు. ఆయన పెట్టుబడిదారీ విధానానికి శత్రువు కాడు సరికదా, గట్టి సమర్థకుడు. ఆయన తర్కాన్ని మన ఊరికి తెచ్చి ఒక లెక్క వేసుకుందాం. ఒక రిటైరైన పంతులుగారికి ఇంటి కనెక్షనంటే నెలకు 400 రూపాయల విలువ, మొబైలు పథకమంటే 150 రూపాయల విలువ. ఒక లారీ డ్రైవరుకు మొబైలంటే 400, ఇంటి కనెక్షనంటే 100. విడివిడిగా అమ్మితే కంపెనీ ఇంటి కనెక్షనును పంతులుగారికి 400కూ, మొబైలును డ్రైవరుకు 400కూ అమ్మి 800 తెచ్చుకుంటుంది. ధర తగ్గించి రెండూ ఇద్దరికీ అమ్మితే ఇంకా తక్కువ వస్తుంది. రెంటినీ కట్టగట్టి 500కు అమ్మితే? పంతులుగారికి ఆ కట్ట విలువ 550, డ్రైవరుకు 500. ఇద్దరూ కొంటారు. కంపెనీకి 1,000 వస్తుంది.

ఈ లెక్కలో మోసం లేదు. ఇద్దరూ ఇష్టపడే కొన్నారు. ఇద్దరికీ రెండు సేవలూ అందినవి. అయితే మరునాడు కంపెనీ, "ఖాతాదారులందరూ ఇంటి ఫోనూ, మొబైలూ కలిపి కావాలని కోరుతున్నారు" అని ప్రకటిస్తుంది. ఆ కోరిక ఎవరిది? డ్రైవరు ఇంటి కనెక్షను కావాలని ఎన్నడూ అనుకోలేదు. పంతులుగారికి మొబైలు డేటా మీద అంత మోజు లేదు. కలిపి కావాలన్న కోరిక వారిద్దరిలో ఏ ఒక్కరికీ లేదు. అది వారిద్దరి కోరికలను కలిపి కంపెనీ చేసిన లెక్కలో పుట్టింది. అంటే కొనుగోలు మనకు చెప్పేది మనిషి ఏమి కోరాడని కాదు, తన ముందు పెట్టినవాటిలో దేనికి ఒప్పుకున్నాడని. ఒప్పుకోవటాన్ని కోరటంగా చూపించటమే ఈ వాదంలోని మొదటి కనికట్టు.

రెండవ మెట్టు: ఆ కోరిక కొనేవాని సొంతమేనా?

ఉత్పత్తి సరుకును మాత్రమే తయారుచెయ్యదనీ, ఆ సరుకు కావలసిన మనిషిని కూడా తయారుచేస్తుందనీ మార్క్స్ 1857లో రాసుకున్న చిత్తుప్రతుల పీఠికలో వివరించాడు. మనవాళ్లు దీనికి తరచు ఇచ్చే అర్థం, ప్రకటనలు జనాన్ని మాయచేస్తున్నవని. అది చాలా బలహీనమైన అర్థం. ప్రకటన ఒక్కటే గిరాకిని పుట్టించలేదు. బ్రిటనులో బి.టి. కంపెనీ ఇంట్లో ఇంటి లైనుగానూ, బయట మొబైలుగానూ పనిచేసే ఒకే ఫోనును 'ఫ్యూజన్' అనే పేరుతో 2005లో ప్రవేశపెట్టింది. అంత పెద్ద కంపెనీ, అంత ప్రచారం ఉండి కూడా జనం దానిని పట్టించుకోలేదు. కొన్నేళ్లకే దానిని విరమించుకోవలసి వచ్చింది. జనం అంత తేలికగా మాయలో పడరు.

మరి మోర్తాడులో ఇంటికి ఇంటర్నెట్టు కనెక్షను ఎందుకు కావలసి వచ్చింది? 2020 సెప్టెంబరు 1న రాష్ట్రంలో దూరదర్శనుమీదా, టి-శాట్ మీదా, ఇంటర్నెట్టులోనూ పాఠాలు మొదలైనవి. కోవిడు తెచ్చిన కష్టం అది, తప్పనిసరి. అయితే ఆ రోజుల్లో మనం చెప్పుకున్న ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. బిడ్డ పాఠం వినే వేళకే తండ్రి షార్జా నుంచి పిలిచేవాడు. ఒకరి పాఠమో, ఇంకొకరి మాటో ఆగిపోయేది. బడులు తెరిచారు గాని ఫోనుకు అలవాటుపడిన వ్యవస్థ వెనక్కు పోలేదు. బ్యాంకులో డబ్బు పడ్డదా, ఫోను. ఆధార్‌లో మార్పా, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. కాలేజీ సీటా, స్కాలర్‌షిప్పా, ఫోను. షార్జాలోని మనిషి కూడా తన భారతదేశపు నంబరును పోనివ్వటానికి వీలులేదు. బ్యాంకు ఓ.టి.పి. ఆ నంబరుకే వస్తుంది గనుక పెట్టెలో పడి ఉండే ఆ సిమ్‌కు కూడా రీచార్జి కట్టుకుంటూ ఉండాలి. దేశంలో ఇంటి లైన్ల సంఖ్య 2020 నాటికి సుమారు రెండు కోట్లకు పడిపోయి, 2023 చివరకు మళ్లీ మూడు కోట్లు దాటింది. జనానికి పాత టెలిఫోను మీద ప్రేమ మళ్లీ పుట్టలేదు. బడీ, బ్యాంకూ, ప్రభుత్వ కార్యాలయమూ ఇంట్లోకి వచ్చి కూర్చున్నవి. వాటిని ఇంట్లో కూర్చోబెట్టుకోవటానికి అయ్యే ఖర్చు మాత్రం ఆ ఇంటిదే. ఒకప్పుడు బడి కట్టడం ప్రభుత్వం ఖర్చు. ఇప్పుడు ఆ ఖర్చులో కొంత భాగం 'వినియోగదారు గిరాకి' అనే పేరుతో బీడీల కూలిలోనుంచి వస్తున్నది.

మూడవ మెట్టు: ఇష్టప్రకారం కొన్నప్పుడు అన్యాయం ఎక్కడిది?

ఈ వాదం మనకు కొత్త కాదు. కూలివాడు తన ఇష్టప్రకారమే పనికి ఒప్పుకున్నాడు కనుక కూలి న్యాయమైనదే అన్నవారికి నూరేళ్ల కిందటే జవాబు దొరికింది. ఒప్పందం స్వేచ్ఛగా జరిగిందా అని అడగబోయే ముందు, ఒప్పుకోకపోతే అతనికి ఉన్న దారి ఏమిటని అడగాలి. ఇక్కడ ఒప్పుకోకపోతే పోయేది ఒక సౌకర్యం కాదు, బంధం. కొన్నాళ్లు రీచార్జి చెయ్యకపోతే నంబరే పోతుంది. నంబరు పోతే బ్యాంకు పోతుంది, పథకం పోతుంది, పరాయి దేశంలో ఉన్నవానికి ఇంటి దారి పోతుంది. పోనీ ఇంకొక కంపెనీకి మారుదామంటే, 2024 జూలై మొదటి వారంలో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలూ రెండు రోజుల తేడాలో ధరలు పెంచినవి. వాటి మధ్య ఒప్పందం ఉన్నదని నేను అనటం లేదు. ఆ అవసరం కూడా వాటికి లేదు. మార్కెట్టు రెండు మూడు చేతుల్లో ఉన్నప్పుడు ఒకరి చూపు ఒకరికి చాలు.

అనుకోకుండా ఈ విషయంలో ఒక ప్రయోగం కూడా జరిగింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, 2024 డిసెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. డేటా అక్కరలేనివారి కోసం మాటలకూ, సందేశాలకూ మాత్రమే పరిమితమైన పథకాలు విడిగా అమ్మాలని దాని సారాంశం. అంటే కట్ట విప్పమన్నది. 2025 జనవరిలో కంపెనీలు విప్పినవి. అంతకుముందు ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు మాటలూ, 6 జి.బి. డేటా కలిసిన పథకం 509 రూపాయలు. డేటా తీసివేసిన పథకానికి మొదట పెట్టిన ధర 499. విమర్శ వచ్చిన తరువాత అది 469 అయింది. జియో ధర 448. రోజుకు 5 రూపాయల 33 పైసలన్నమాట.

ఈ అంకెలు ఏమి చెబుతున్నవి? డేటా తీసివేస్తే మొదట తగ్గింది పది రూపాయలు, విమర్శ తరువాత నలభై. అయితే మిగిలిన 469 దేనికి? మాటలకు అనవచ్చు. కాని మాటలకు అంత ఖర్చు కాదని ధరలు పోటీలో ఉన్న రోజుల్లో ఈ కంపెనీలే రుజువు చేసినవి. 2016లో జియో మాటలకు చార్జీయే లేదన్నది. ఇక్కడ ధర వస్తువు తయారీకి అయ్యే ఖర్చును బట్టి ఏర్పడలేదు. అది లేకుండా మనిషి బతకలేడనే వాస్తవాన్ని బట్టి ఏర్పడింది. పంట పండినా పండకపోయినా భూస్వామికి చెల్లించే కౌలుకూ దీనికీ స్వభావంలో తేడా లేదు. మాట్లాడినా మాట్లాడకపోయినా, సంబంధం ఉన్నందుకు కట్టే కౌలు ఇది. ట్రాయ్ ఆదేశం వల్ల పేదల డబ్బు పెద్దగా మిగలలేదు. కాని కట్ట విప్పితే లోపల ఏమున్నదో అందరికీ కనిపించింది. అది తక్కువ ప్రయోజనం కాదు.

ఇప్పుడు మనవాళ్ల పొరపాటు సంగతి. ఇటువంటి విషయాలు చర్చకు వచ్చినప్పుడు మన సభల్లో తరచు వినిపించే మాట, "జనం వస్తువ్యామోహంలో పడ్డారు, ఫోన్లకు బానిసలయ్యారు" అని. ఇది చూడటానికి పెట్టుబడిదారీ విధానం మీద విమర్శలాగా ఉంటుంది. నిజానికి ఇది సన్యాసి ధర్మం. పూర్వం పురాణం చెప్పేవాడు బీదలకు కోరికలు చంపుకోమని బోధించేవాడు. మనం అదే బోధను ఎర్ర అట్ట వేసి ఇస్తున్నాము. ఇంట్లో ఫైబరు కనెక్షను పెట్టుకొని, నెల తిరగగానే జీతం తీసుకునే లెక్చరరు, బీడీల కూలితో రీచార్జి చేసుకునే స్త్రీకి నిరాడంబరత బోధించటం కంటె ఎబ్బెట్టు పని లేదు. ఈ మాట ముందు నాకు నేనే చెప్పుకోవాలి.

ఆమె కోరుతున్నది వస్తువును కాదు. తన మనిషితో మాట్లాడాలని కోరుతున్నది. మన అలంకారికులు భర్త దూరదేశం పోయిన నాయికకు ప్రోషితభర్తృక అని పేరు పెట్టి, ఆమె దుఃఖాన్ని ప్రవాస విప్రలంభమన్నారు. ఎనిమిదిమంది నాయికలలో ఆమెకు గౌరవస్థానమే ఇచ్చారు. కాని ఆ నాయకుడు ఏ పనిమీద, ఎవరి అప్పు తీర్చటానికి, ఎంత కూలికి పోయాడో వారు చెప్పలేదు. శృంగారంలో భాగంగా లెక్కవేసినప్పుడు ఆ వివరం అక్కరలేకపోయింది. టెలిఫోను ప్రకటనలు కూడా ఆ అలంకార శాస్త్రాన్నే పాటిస్తున్నవి. దూరాన ఉన్న కొడుకూ, ఫోను పట్టుకున్న తల్లి కన్నీరూ, వెనక సంగీతమూ ఉంటవి. దూరం ఎందుకు వచ్చిందో ఉండదు.

ఇంతకీ 'ఇల్లు' అంటే ఏమిటి? కంపెనీ దృష్టిలో ఇల్లు ఒక చిరునామా. తీగ వచ్చి ఆగే చోటు. ఆ ఇంటి కింద ఇన్ని సిమ్‌లు చేర్చుకోవచ్చునని కుటుంబ పథకం చెబుతుంది. మోర్తాడు ఇల్లు ఆ చిరునామాలో ఇమడదు. అది కొంత మోర్తాడులో, కొంత హైదరాబాదు హాస్టలులో, కొంత షార్జాలో కూలీల గదిలో ఉన్నది. బిల్లు కట్టే డబ్బు ఎక్కడనుంచి వస్తున్నదో ఆ మనిషే ఈ కుటుంబ పథకంలో లేడు. సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్టు ద్వారా చేసే పిలుపులమీది నిషేధాన్ని 2017 సెప్టెంబరులో ఎత్తివేసింది. షార్జా ఉన్న యు.ఎ.ఇ.లో మాత్రం వాట్సాప్ పిలుపులు సాగనివ్వరు. అనుమతి పొందిన వేరే సేవలను వాడుకోవాలి. ఇక్కడ ఇంట్లో ఎంత వేగం గల తీగ వేయించుకున్నా, అవతలి కొసన తలుపు తీసేది ఇంకొక రాజ్యం. అన్నిటినీ ఒకటిగా కలుపుతామనే పథకం, కలవవలసిన ఇద్దరిని కలపలేకపోతున్నది.

కలపటమే తప్పని నేను అనటం లేదు. ఇంటి తీగా, మొబైలు టవరూ ఈనాడు ఒకే ఫైబరు మీద ఆధారపడి పనిచేస్తవి. రెంటినీ ఒకే వ్యవస్థగా నడపటం సాంకేతికంగా సబబైన పనే. ప్రజల ఆధీనంలో ఉన్న వ్యవస్థ కూడా ఆ పనే చేస్తుంది. 2000 అక్టోబరు 1న ఏర్పడిన బి.ఎస్.ఎన్.ఎల్. చేతిలో ఇంటి లైన్లూ, తరువాత మొబైలూ, పల్లెపల్లెనా ఎక్స్ఛేంజీలూ ఉండేవి. కలపటానికి దానికంటె అర్హత గల సంస్థ లేదు. ప్రైవేటు కంపెనీలు 4జి నడుపుకుంటున్న ఏళ్లు చాలావరకు దానికి దేశవ్యాప్తమైన 4జి లేకుండానే గడిచినవి. 2020 జనవరి 31న దాని ఉద్యోగులు 78 వేలమందికి పైగా ఒక్కరోజున స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. దేశవ్యాప్తంగా దాని 4జి ప్రారంభమైంది 2025 సెప్టెంబరులో. ఇవన్నీ కూడా 'గిరాకి' చేసిన పనులేనా? కాదు. ఇవి నిర్ణయాలు. నిర్ణయాలు చేసినవారు ఉన్నారు. గిరాకి అనే మాట ఆ చేతులను కనిపించకుండా చేస్తుంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ రావచ్చు. కొనుగోలును బట్టి మనిషి అవసరం తెలియకపోతే మరి దేనిని బట్టి తెలుస్తుంది? ఎవరో ఒక మేధావి కూర్చుని జనానికి ఏది అవసరమో, ఏది కాదో తేల్చాలా? అటువంటి తేల్చటాలు ఎటు దారితీస్తవో చరిత్ర చూడలేదా? ఈ ఆక్షేపణను తేలికగా తీసిపారవెయ్యరాదు. జనం తరఫున అవసరాలు నిర్ణయించే అధికారం లెక్చరరుకు లేదు, కార్యదర్శికి లేదు, కంపెనీకి అంతకన్నా లేదు.

నా జవాబు ఇది. గిరాకి అంటే ఒక్కొక్కరు ఒంటరిగా, జేబులో ఉన్న డబ్బు మేరకు, ఎదుట పెట్టిన సరుకుకు చెప్పే ఔను, కాదు. అవసరం అట్లా తెలిసేది కాదు. పదిమంది కలిసి తమ బతుకును గురించి మాట్లాడుకున్నప్పుడు, సరుకును విప్పి భాగాలుగా ముందు పెట్టినప్పుడు, ధర ఎట్లా ఏర్పడిందో తెలిసినప్పుడు బయటపడేది అవసరం. ముసలి అత్తను "ఈ పథకం కొంటావా?" అని అడిగితే ఒక జవాబు వస్తుంది. "నీకు ఫోను ఎందుకు?" అని అడిగితే ఇంకొక జవాబు వస్తుంది. కంపెనీలు మొదటి ప్రశ్ననే అడుగుతవి. ట్రాయ్ ఏ నిర్ణయానికి ముందైనా సంప్రదింపు పత్రం ప్రకటించి అభిప్రాయాలు కోరుతుంది. కాని ఆ పత్రం తెలుగులో మోర్తాడు వాడకట్టుకు చేరదు. రెండవ ప్రశ్న ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న మనం అడగవచ్చు. ఈ పత్రిక చదివే విద్యార్థులలో, ఉపాధ్యాయులలో ఇటువంటి ఇళ్లనుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక వాడకట్టులో ఇరవై ఇళ్లు తిరిగి మూడు విషయాలు రాసుకు రావచ్చు: ఏడాదికి అన్ని సిమ్‌లకూ, ఇంటి కనెక్షనుకూ కలిపి ఎంత కడుతున్నారు, అందులో దేనిని నిజంగా వాడుతున్నారు, విడిగా అమ్మితే ఏది ఉంచుకొని ఏది వదులుకుంటారు. ఆ కాగితాలు దగ్గర పెట్టుకొని అడిగితే మన కోర్కెలకు బలం ఉంటుంది. పిలుపు అందుకోవటం, నంబరు నిలబడటం రీచార్జిమీద ఆధారపడని హక్కు కావాలి. కలిపి అమ్మే ప్రతి పథకంలోనూ ఒక్కొక్క భాగం ధర విడిగా చూపించాలి, విడిగా కొనటానికి వీలుండాలి. బడీ, బ్యాంకూ ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ ఖర్చులో ప్రభుత్వానికి వాటా ఉండాలి.

వీటితో షార్జాలోని మనిషి ఇంటికి రాడు. అతడు రావాలంటే బోధనులో మూతపడిన గేటుకు సంబంధించిన ప్రశ్న, ఈ జిల్లాలో పనికి సంబంధించిన ప్రశ్న వెయ్యాలి. అది టెలిఫోను బిల్లులో తేలేది కాదు. కాని అతడు పిలిచినప్పుడు ఇక్కడ ఫోను మోగేటట్టు చూడటం కూడా ఆ పెద్ద ప్రశ్నలో భాగమే. దానిని చిన్న విషయమని తోసివేసే హక్కు మనకు లేదు.